జాడీల గదిలో బూజు

క్రిస్మస్ కేకు గురించి ఎవరు రాసినా వాసనతో మొదలుపెడతారు. దాల్చినచెక్క, జాజికాయ, రమ్ములో నానిన ఎండుద్రాక్ష, పొయ్యి తలుపు తీయగానే మొహాన కొట్టే వెచ్చని గాలి, ఇలా సాగుతుంది. ఆ వాసనలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి దాని మీద నాకు మోజేమీ మిగల్లేదు. నేను రాయబోయేది బూజు గురించి. బేకరీ పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు చదువుతారని రాస్తున్నాను. మగపిల్లలు చదివితే ఇంకా మంచిది.

మాది యానాం. మా ఆయనకు పుదుచ్చేరికి బదిలీ అయినప్పుడు పిల్లల్ని వెంటేసుకుని వచ్చి ముత్తియాల్‌పేటలో ఒక ఇంటి వెనక వాటాలో దిగాం. పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టాక ఇంట్లో తోచక, వీధి మలుపులో ఉన్న బేకరీలో బిస్కెట్లు పొట్లాలు కట్టే పనికి కుదిరాను. "గవర్నమెంటు గుమస్తా పెళ్ళానివి, రొట్టెల కొట్లో నీకేం పనే?" అని మా అత్తగారు ఫోన్లో నానా గొడవ చేసింది. నాకు అప్పటికి అరవం సరిగ్గా రాదు. వచ్చిన నాలుగు ముక్కలూ మాట్లాడితే కొట్టంతా నవ్వేది.

అలాంటి చోట తెలుగు వినపడటం నా అదృష్టం అనుకున్నాను. కేకుల పెద్దమేస్త్రి తెలుగాయన. బాహూరు వైపు పొలాలున్న కుటుంబం. వాళ్ళు ఆంధ్ర దేశం వదిలి ఎన్ని తరాలయిందో ఆయనకే తెలియదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ అక్షరం ముక్క చదవలేడు. "నువ్వు మాట్లాడతా ఉంటే రేడియో పెట్టినట్టుండాది చెల్లెమ్మా" అని నన్ను ఆట పట్టించేవాడు. "మీరు మాట్లాడేది తెలుగా, అరవానికి పెట్టిన తెలుగు తాలింపా?" అని నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆయన్ని మేస్త్రన్నా అని పిలిచేదాన్ని. ఆ కొట్లో నన్ను మనిషిగా చూసి పని నేర్పింది ఆయనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పేవి చదివి ఆయన్ని రాక్షసుడు అనుకోకండి. రాక్షసుడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

యజమానిని అందరం ముదలాళి అనేవాళ్ళం. తండ్రి పోయాక కొట్టు ఆయన చేతికి వచ్చింది. ఫ్రాన్సులో కొన్నాళ్ళు ఉండి వచ్చిన మనిషి, ఇస్త్రీ చొక్కా నలగనిచ్చేవాడు కాదు. మేస్త్రన్నతో తప్ప కొట్లో మిగతా మాటలన్నీ అరవంలోనే జరిగేవి. అవి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మా కొట్టుకు పేరు తెచ్చింది క్రిస్మస్ కేకే. ఎండలు తగ్గుముఖం పట్టగానే పండ్లు తరగడం మొదలయ్యేది. ఎండుద్రాక్ష, ఖర్జూరం, నారింజ తొక్క మురబ్బా, అల్లం మురబ్బా, చెర్రీలు, జీడిపప్పు, అన్నీ సన్నగా తరిగి, మసాలా పొడి చల్లి, పింగాణీ జాడీల్లో నింపి, మునిగేదాకా రమ్ము పోసి, మూతికి గుడ్డ వాసెన కట్టి చీకటి గదిలో పెట్టేవాళ్ళు. కార్తీక వానలు తెరిపి ఇచ్చాక తీసి కేకులు కాల్చేవాళ్ళు. కాల్చిన కేకును పుల్లతో పొడిచి మళ్ళీ రమ్ము తాగించేవాళ్ళు. ఇంతకు మించిన పనితనం ఈ కథకు అక్కర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. రమ్ము ఘాటుగా ఉంటే పండు ఏళ్ళ తరబడి చెడదు. పల్చనయితే పులుస్తుంది, బూజు పడుతుంది.

ఆ జాడీలు ఎలాంటివో మీకు వేరే చెప్పాలా? మన ఇళ్ళల్లో ఆవకాయ పెట్టుకునేవే. మేస్త్రన్న వాళ్ళమ్మ కూడా అలాంటి వాటిలోనే ఊరగాయలు పెట్టేదట. జాడీ ఎక్కడుంటే దాని వెంట నియమం కూడా వస్తుంది కదా. ముట్టయిన ఆడది ఊరగాయ జాడీ తాకితే బూజు పడుతుందని ఆయనకు వాళ్ళమ్మ చెప్పింది, నాకు మా అమ్మ చెప్పింది. ఆయన ఆ నియమాన్ని ఇంటి నుంచి తెచ్చి బేకరీలో పెట్టాడు. నెలనెలా ఆ మూడు రోజులూ ఆడవాళ్ళెవరూ జాడీల గదిలోకి పోకూడదు. ఎవరికి ఎప్పుడో ఎవరు చూడొచ్చారని, మెల్లమెల్లగా మామూలు రోజుల్లో కూడా పోవడం మానేశారు.

అందులో తమాషా ఏమిటంటే పండ్లు తరిగేది మేమే. పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆడవాళ్ళమే కూర్చుని, వేళ్ళు అంటుకుపోయేలా తరిగేవాళ్ళం. అప్పుడు ఎవరి నెల ఎవరూ అడగలేదు. తరిగేటప్పుడు లేని మైల కలిపేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుందని ఒకసారి మేస్త్రన్నను అడిగాను. "అమ్మ చెప్పింది చెల్లెమ్మా, అమ్మను అడిగేదానికి ఆమె లేదు" అని నవ్వేశాడు. నేనూ నవ్వేశాను. నవ్వేసే విషయమే అనుకున్నాను.

నలభై దాటాక నాకు ఆరోగ్యం చెడింది. నెలసరి వస్తే ఆగేది కాదు. మనిషిని సగమైపోయాను. చివరికి పెద్దాసుపత్రిలో గర్భసంచి తీసేశారు. కొట్లో మాత్రం కిడ్నీలో రాయి అని చెప్పి సెలవు పెట్టాను. ఆ సంగతి అక్కడ తెలిసింది మేస్త్రన్న ఒక్కడికే. భార్యతో కలిసి బత్తాయిలు, హార్లిక్సు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. ఆమె నా మంచం మీద కూర్చుని తల దువ్వింది. ఆయన మొహమాటంగా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

తిరిగి పనిలోకి వెళ్ళిన మొదటి వారంలోనే ఆయన నన్ను జాడీల గది దగ్గరికి పిలిచాడు.

"ఇంక నీకేం అడ్డంలే చెల్లెమ్మా. లోపలికి రా. పని నేర్చుకో" అన్నాడు.

బయట వాళ్ళతో మాత్రం పెద్దమనిషి, పని తెలిసినది అని చెప్పాడు. ఆ రోజు నాకు సంతోషమే కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. నా చేతి పనితనం అన్నేళ్ళు కనపడలేదు కానీ, కడుపులో ఒక అవయవం పోగానే తలుపు తెరుచుకుంది. అయినా వెళ్ళాను. ఎందుకు వెళ్ళకూడదు? ఆ గదిలో పని నాకు ఇష్టం. గరిటె తిప్పుతుంటే రోజురోజుకూ పండు రమ్మును తాగి ఉబ్బడం, రంగు నల్లబడటం, ఘాటు మెత్తబడటం చూస్తుంటే నాకు పొద్దే తెలిసేది కాదు. పిండి కలపడం, పొయ్యి సెగ చూడటం, కాలిన కేకు నొక్కి చూసి లోపల ఉడికిందో లేదో చెప్పడం, అన్నీ ఆయన నాకు ఒక్కొక్కటిగా అప్పగించాడు. తాను పని మానేసే రోజు దగ్గర పడుతోందని, తర్వాత ఆ గది నాదేనని, ముదలాళితో చెప్పానని అన్నాడు. ఆ కొట్లో ఆడది పెద్దమేస్త్రి అవడం అంతవరకూ లేదు. ఇంటికి వెళ్ళి మా ఆయనతో చెబితే, "పెద్దమేస్త్రమ్మగారూ, కాసిన్ని మంచినీళ్ళు" అని వేళాకోళం చేశాడు. ఆ వేళాకోళం కూడా నాకు తియ్యగానే ఉంది.

ఆ ఏడాది రమ్ము సీసాల్లో రాలేదు. ముదలాళి కారు డిక్కీలోంచి ప్లాస్టిక్ క్యాన్లు దిగాయి. పుదుచ్చేరిలో మందుకు కరువేమిటి, వీధికో కొట్టు. ఇలాంటి ఊళ్ళో రమ్ము సరుకు మీద కక్కుర్తి పడటం అంటే సముద్రం ఒడ్డున కూర్చుని ఉప్పుకు ఏడవడమే. మేస్త్రన్న జీవితంలో మందు చుక్క నోట పెట్టినవాడు కాదు. కానీ అరచేతిలో కాస్త వేసుకుని రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ రకమో చెప్పేసేవాడు. ఆ రోజు కూడా రుద్ది వాసన చూశాడు. అరచెయ్యి పంచెకు తుడిచేసుకున్నాడు.

"వాసన తేలిగ్గా ఉందేమిటి మేస్త్రన్నా?" అన్నాను.

"జలుబు చేసిందేమో నీకు. జాడీల్లో పొయ్యి, పొయ్యి" అన్నాడు.

పోశాను. మూతులకు గుడ్డలు కట్టి వచ్చాను.

ఇక వానలు. మీలో పుదుచ్చేరిలో ఉన్నవాళ్ళకు తెలుసు, ఆ నెలల్లో ఆకాశం చిల్లు పడినట్టు ఉంటుంది. ఒక రోజు పొద్దున్నే వీధి కాలువ పొంగి నీళ్ళు కొట్లోకి వచ్చాయి. మేస్త్రన్నకు విషజ్వరం, ఇంట్లో పడుకుని ఉన్నాడు. ముదలాళి ఊళ్ళో లేడు. పొయ్యి దగ్గర పనిచేసే మగవాళ్ళు ఇంకా రాలేదు. నేను అదే వీధి దాన్ని కాబట్టి వచ్చాను. నాతో పాటు వచ్చింది ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేసే, జాలర్లుండే సోలై నగర్ అమ్మాయి ఒక్కతే. అమ్మాయి అంటున్నాను కానీ ముప్పై దాటిన మనిషి. భర్త పడవ మీద జారిపడి నడుము విరిగి మంచాన పడితే, ఆ ఇంటికి ఈమె పనే ఆధారం. చేరి ఎన్నాళ్ళో కాలేదు, కొట్లో ఎవరికి కోపం వచ్చినా ముందు ఊడేది ఆమె పనే. మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చింది.

జాడీల గది మిగతా కొట్టు కంటే పల్లంలో ఉంది. తలుపు తీసేసరికి నేల మీద జాడీల చుట్టూ మురికి నీళ్ళు తిరుగుతున్నాయి. కాసేపు ఆగితే మూతుల దాకా వచ్చేలా ఉన్నాయి. నిండు జాడీ ఒక మనిషి ఎత్తేది కాదు. నాకేమో బరువులెత్తొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

"రా, ఆ వైపు పట్టుకో. బల్ల మీదికి ఎక్కించేద్దాం" అని పిలిచాను.

ఆమె గడప అవతలే ఆగిపోయింది. "నేను దూరం అక్కా" అంది. దూరం అంటే నెలసరి అని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"నీళ్ళకు ఆ సంగతి తెలియదులే, రా" అన్నాను.

వచ్చింది. ఇద్దరం కలిసి ఒక్కొక్క జాడీ ఎత్తి గోడ వార బల్ల మీద పెట్టాం. ఎత్తిన ప్రతిసారీ ఆమె ఏదో దేవుడికి దణ్ణం పెట్టుకోవడం చూశాను. ఆఖరి జాడీ పెట్టి బయటికి వస్తుంటే పొయ్యి దగ్గర పనిచేసేవాడు ఒకడు గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చాడు. మమ్మల్ని చూశాడు. ఆ రోజు మేమిద్దరం లేకపోతే ఆ పండ్లన్నీ కాలువ పాలయ్యేవి.

వానలు తగ్గాయి. మేస్త్రన్న కోలుకుని వచ్చాడు. చర్చిల నుంచి, హోటళ్ళ నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. కేకులు కాల్చడానికి ముహూర్తం పెట్టుకున్న రోజు పొద్దున ఆయనా నేనూ జాడీల గుడ్డలు విప్పాం. మొదటి జాడీలో పండ్ల మీద దూది పరిచినట్టు తెల్లటి బూజు. రెండోది విప్పితే అదే. గదంతా పులిసిన కల్లు వాసన. రమ్ములో నానిన పండుకు కల్లు వాసన ఎందుకు వస్తుందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. మేస్త్రన్న మొహం చూశాను. ఆయనకు నా కంటే ముందే అర్థమైందని ఆ మొహమే చెప్పింది.

ముదలాళి వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని జాడీల్లోకి తొంగి చూశాడు. తర్వాత అరిచిన అరుపులు రాయడం నాకు ఇష్టం లేదు. చివరికి, "ఎందుకిలా అయింది? ఎవరి నిర్వాకం ఇది?" అని మేస్త్రన్నను నిలదీశాడు.

"రమ్ము..." అని నేను నోరు తెరిచాను.

"రమ్ము సంగతి నాకు నువ్వు నేర్పక్కర్లేదు. నేను మేస్త్రిని అడుగుతున్నాను" అన్నాడు ముదలాళి.

మేస్త్రన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన నోట్లోంచి నిజం వస్తుందని ఎదురు చూశాను. వచ్చిన మాట ఇది.

"జాడీల మీద ఏదో మైల చేయి పడిందండి."

ముదలాళి మొదట నవ్వబోయాడు. అంత చదువుకున్నవాడు కదా. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ సాకు తనకూ పనికొస్తుందని తట్టినట్టుంది. తేలు కుట్టిన దొంగకు ఎవరో మందు తెచ్చి ఇచ్చినట్టయింది ఆయన పరిస్థితి.

"ఆడవాళ్ళందరినీ పిలవండి" అన్నాడు.

పొయ్యి ముందు వరసగా నిలబెట్టారు మమ్మల్ని. తల్లులం, అత్తలం. పొయ్యి దగ్గర మగవాళ్ళు అటు పక్క నిలబడి చూస్తున్నారు. గొడుగు మనిషి ముందుకు వచ్చి, "వరద రోజు ఆ సోలై నగర్ ఆమె ఆ గదిలోంచి రావడం చూశానండి" అన్నాడు. అతనికి ఆమె మీద పగేమీ లేదు. చూశాడు, చెప్పాడు.

"ఆ రోజు నీకేమిటి?" అని అడిగాడు ముదలాళి ఆమెను. అంతమంది మగవాళ్ళ ముందు.

ఆమె చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని నలుపుతోంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. చెబితే కళ్ళు పోతాయని నమ్మే మనిషి. ఇంకొక్క క్షణం ఆగితే నిజం చెప్పేస్తుంది. చెబితే సాయంత్రానికి ఆమె పని ఉండదు.

ఆ క్షణంలో నా దగ్గర ఒక నిజం ఉంది. నాకు గర్భసంచి లేదు, నాకే మైలా లేదు అని చెబితే నా మీదికి ఎవరూ రారు. కానీ నేను పక్కకు తప్పుకుంటే మిగిలేది ఆమే. మైల వల్ల బూజు పట్టదు అని అరవాలనిపించింది. అరిచినా వినేవాళ్ళెవరు? ఇందాక రమ్ము అని నోరు తెరిస్తే ఆ మాటే పూర్తి కానివ్వలేదు.

"నేనే" అన్నాను. "ఆ రోజు దూరం ఉండాల్సింది నేను. వరద వస్తోందని ఆత్రంలో ముట్టుకున్నాను. ఆమె గడప లోపల నిలబడి దీపం పట్టుకుంది, అంతే."

మేస్త్రన్న చటుక్కున తలెత్తాడు. నా అబద్ధం అబద్ధమని ఆ కొట్లో తెలిసిన మగవాడు ఆయన ఒక్కడే. ఆయన అబద్ధం అబద్ధమని తెలిసినదాన్ని నేను. ఒకరి కళ్ళల్లోకి ఒకరం చూసుకున్నాం. ఆయనే ముందు చూపు తిప్పుకున్నాడు.

"ఇంత వయసు వచ్చింది, తెలియదా నీకు?" అన్నాడు ముదలాళి. "రేపట్నుంచి బిస్కెట్ల దగ్గరికి పో. ఇకమీదట ఆ గది గడప ఏ ఆడదీ తొక్కడానికి వీల్లేదు. ఏ రోజయినా సరే."

అంతటితో విచారణ ముగిసింది. ఆ తర్వాత బూజు పట్టిన పండ్లను ఏం చేశారో అడగండి. పైపైన బూజు తీసేశారు. అడుగువి కడిగి, కొత్త రమ్ము పోసి, వాసన సీసాలు గుమ్మరించి కేకులు కాల్చారు. ఆ ఏడాది కేకు ఎప్పటికంటే బాగుందని ఒక పెద్దాయన కొట్టుకు వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు. నేను బిస్కెట్లు పొట్లాలు కడుతూ విన్నాను.

విచారణ జరిగిన రోజు మధ్యాహ్నం మేస్త్రన్న ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"రమ్ములో నీళ్ళు కలిపారు. నీకు తెలుసు" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "క్యాను మూత తీసినప్పుడే తెలుసు. చేతిలో వేసుకుంటే ఘాటే లేదు. ముదలాళిని అడిగినా. పోసేది నీ పని, పొయ్యి అన్నాడు. నేనేం చేసేది?"

"మరి మైల అని ఎందుకన్నావు?"

"సుమ్మా అన్నా చెల్లెమ్మా" అన్నాడు. ఊరికే అన్నాను అని. "ఏదో ఒకటి చెప్పాల గదా. రమ్ము అంటే ముదలాళికి నామీద కోపం. పొయ్యి కాడ వాళ్ళ మీద తోస్తే వాళ్ళ కడుపు కొట్టినట్టు. మైల అంటే ఎవురికీ దెబ్బ తగలదు అనుకున్నా. ఎవురో ఒక ఆడమనిషి రెండు దినాలు తల దించుకుంటాది, మళ్ళా అందరూ మరిచిపోతారు. ఇంత దూరం పోతాదని నాకేం తెలుసు?"

"నాకు తగిలింది."

"నువ్వెందుకు నోరు తెరిస్తివి? నీకు యాడుంది మైల?"

"ఆ మాట లోపల అనాల్సింది మేస్త్రన్నా."

"ఏమని అనేది? ఈయమ్మకు గర్భసంచి లేదు సార్ అని, అంతమంది ముందర అనాల్నా? అన్నానే అనుకో. అట్లయితే ఇంకెవురు అంటాడు ముదలాళి. ఆ పిల్ల కాడికే పోతాడు. దానికోసరమే గదా నువ్వు అన్నావు, నాకు తెలియదా ఏంది?"

ఆయన చెప్పింది నిజమే. తప్పించుకోవడానికి సందు లేకుండా అన్ని వైపులా మూసేసి ఉంది. మూసిన చెయ్యి ఆయనదే. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. "నువ్వు నమ్ముతావా అసలు ఆ మైల?" అని అడిగితే, "అమ్మ నమ్మింది" అన్నాడు.

మర్నాడు ప్యాకింగ్ బల్ల అమ్మాయి నాకోసం స్టీలు గిన్నెలో నెత్తళ్ళ పులుసు తెచ్చింది. ఎవరూ లేకుండా చూసి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

"నా పాపం నువ్వు నెత్తిన వేసుకున్నావక్కా."

"పాపమూ లేదు, ఏమీ లేదు. రమ్ములో నీళ్ళు కలిపారు. నువ్వు ముట్టుకున్నా, ముట్టుకోకపోయినా బూజు పట్టేది. మేస్త్రే చెప్పాడు నాతో" అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని, చిన్నపిల్లను సముదాయించినట్టు నా వైపు చూసింది.

"నా మనసు కష్టపడుతుందని అలా చెబుతున్నావు. నాకు తెలుసక్కా, నా చెయ్యే. మా అత్త ఆ రోజుల్లో వల పక్కకు కూడా రానివ్వదు. పడవ ఖాళీగా వస్తుందంటుంది. ముదలాళి లాంటి వాళ్ళు నీళ్ళెందుకు కలుపుతారు?"

ఎన్ని విధాల చెప్పినా వినలేదు. నా అబద్ధాన్ని నిజమని నమ్మినవాళ్ళు చాలామంది ఉండొచ్చు, కానీ నిజం చెప్పినప్పుడు అది అబద్ధమని ఇంత ప్రేమగా నమ్మింది ఆమె ఒక్కతే. పులుసు మాత్రం బాగుంది. తిన్నాను.

మేస్త్రన్న మరుసటి ఏడాది పని మానేశాడు. దండ వేసి, శాలువా కప్పారు. గది బాధ్యత గొడుగు మనిషికి ఇచ్చారు. పాపం మంచివాడే. పిండిలో పండ్లు అడుక్కు దిగిపోకుండా ఎలా కలపాలో అతనికి చూపించింది నేనే, అదీ గది బయట నిలబడి, గాల్లో చేతులు తిప్పుతూ. వెళ్ళేటప్పుడు మేస్త్రన్న నా దగ్గరికి వచ్చి, "మనసులో పెట్టుకోవద్దు చెల్లెమ్మా" అన్నాడు. ఆయన కళ్ళు నిండి ఉన్నాయి. పెట్టుకున్నానని చెప్పాను. దండం పెట్టాను, ఎందుకంటే పని నేర్పాడు. అంతకుమించి ఒక్క మాట కూడా తీపిగా అనలేకపోయాను. ఇప్పుడు ఆయన లేడు. ఇప్పటికీ అనలేను.

కేటరింగ్ చదువుకుని వచ్చిన పిల్లలు ఒకరిద్దరు ఆ తర్వాత మా కొట్లో చేరారు. మొదటి రోజే ఒకమ్మాయి ఆ గది తలుపు తీయబోతే, ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా గగ్గోలు పెట్టారు. ఎందుకని అడిగింది ఆ పిల్ల. "ఒకసారి అక్క ముట్టుకుంటే ఏమైందో తెలుసా" అని నన్ను చూపించి మొదలుపెట్టారు. ఆ పిల్ల లాస్‌పేటలో కాలేజీలో చదువుకున్నది. నా వైపు తిరిగి, నిజమా అన్నట్టు చూసింది. నేను రమ్ము సంగతి అంతా చెప్పాను. నవ్వింది, ఆడవాళ్ళ వైపు చూసింది, తలుపు మీద నుంచి చెయ్యి తీసేసింది. కొత్త ఉద్యోగం మరి.

మేస్త్రన్న వెళ్ళాక వచ్చిన క్రిస్మస్‌కు కూడా క్యాన్లే వచ్చాయి. ఆ ఏడు వరద రాలేదు. ఆ గదిలో ఏ ఆడదీ కాలు పెట్టలేదు. తలుపుకు తాళం, తాళంచెవి గొడుగు మనిషి మొలతాడుకు. కాల్చే రోజు వచ్చి గుడ్డలు విప్పితే మళ్ళీ బూజు, మళ్ళీ కల్లు వాసన. నేను బిస్కెట్ల దగ్గర నుంచి లేచి నిలబడ్డాను. ఇప్పుడేం చెబుతారో చూద్దాం అనుకున్నాను. నిందించడానికి ఆ గదిలో అడుగుపెట్టిన ఆడది ఒక్కతి కూడా లేదు కదా. ఇంత కాలానికి నిజం చెప్పక తప్పదు అనుకుని, నిజంగా, లోలోపల సంతోషించాను.

ముదలాళి, గొడుగు మనిషి గది గుమ్మంలో నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎవరో ఒక స్వామిని పిలిపించారు. ఆయన వచ్చి గదినీ, కొట్టునూ చూసి, ప్యాకింగ్ బల్ల ఆ గది తలుపుకు మరీ దగ్గరగా ఉందని తేల్చాడు. ముట్టుకోకపోయినా ఆడవాళ్ళ గాలి తగులుతోందట. బల్లను వెనక వైపు, కట్టెలూ ఖాళీ పెట్టెలూ పడేసే రేకుల షెడ్డులోకి మార్చమని ముదలాళి చెప్పాడు.

మగవాళ్ళు పొయ్యి దగ్గర పనిలో ఉన్నారు. బల్ల మేమే మోయాల్సి వచ్చింది. ఒక చివర నేను పట్టుకున్నాను, రెండో చివర సోలై నగర్ అమ్మాయి. మధ్యలో ఆ కాలేజీ పిల్ల కూడా చెయ్యి వేసింది. షెడ్డు గుమ్మం ఇరుకు, బల్లను పక్కకు వంచాల్సి వచ్చింది. వంచుతూ సోలై నగర్ అమ్మాయి నా వైపు చూసి, ఎన్నాళ్ళుగానో నాకు నచ్చజెప్పలేకపోయిన సంగతి ఇవాళ దానంతట అదే తేలిపోయినట్టు నెమ్మదిగా అంది.

"చూశావా అక్కా? ముట్టుకోకుండానే ఇంత చేశాం మనం. ఇప్పుడైనా నమ్ముతావా?"